నా సంతకంతో వెళ్ళిన కాగితాలు

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దని మా షాపుకొచ్చిన ఎంతమందికి చెప్పి ఉంటానో నాకే తెలీదు. ఇన్సూరెన్స్ ఫారమైనా, కాలేజీ దరఖాస్తయినా, పొలం కాగితమైనా, అన్నీ నింపాక ఒకసారి చదివించుకుని అప్పుడు పెట్టండి అనేదాన్ని. అలాంటిదాన్ని ఒక సాయంత్రం ముప్పై దాకా ఖాళీ ఫారాల మీద కబుర్లు చెబుతూ సంతకాలు పెట్టేశాను. పెట్టించుకున్నది నాకు చదువు చెప్పిన మాస్టారు.

మాది అవనిగడ్డ. బస్టాండుకి ఎదురు సందులో చిన్న జిరాక్స్ షాపు. మా ఆయన ఉన్నప్పుడు అది ఫొటో స్టూడియో. ఆయన పోయాక పెళ్ళి ఫొటోలూ ఆల్బమ్‌లూ నా వల్ల కాలేదు. పాస్‌పోర్టు సైజు ఫొటోలు, జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తులు, వీటితోనే నెట్టుకొస్తున్నాను. దివిసీమలో కాగితంతో పనిపడిన మనిషి ఎప్పుడో ఒకప్పుడు మా షాపు మెట్టెక్కక తప్పదు. అందుకే నాకు మనుషుల పేర్ల కంటే వాళ్ళ కాగితాల్లోని తప్పులే ఎక్కువ గుర్తుంటాయి. ఫలానా ఆయనకి ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు, ఫలానా ఆవిడకి రేషన్ కార్డులో మొగుడి పేరు తప్పు, ఇలాగ.

మాస్టారు హైస్కూల్లో మాకు సోషల్ చెప్పారు. క్లాస్ లీడర్ని ఎప్పుడూ ఆయన నిర్ణయించేవారు కాదు. చీటీలు పంచి, సుద్దముక్కల డబ్బాలో వేయించి, అందరి ముందూ విప్పి లెక్కపెట్టించేవారు. ఒకసారి ఎవరో పక్కవాడి చీటీలోకి తొంగి చూస్తే, ఆ ఎన్నిక రద్దు చేసి మళ్ళీ పెట్టించారు. రిటైరయ్యాక మా చర్చి సంఘంలో పెద్దగా ఉంటున్నారు. మా ఆయన బందరు ఆసుపత్రిలో పోయినప్పుడు నాతో ఉన్నది ఆయనే. మా అన్నదమ్ములు వచ్చేలోపు అంబులెన్స్ మాట్లాడి, కాగితాల మీద ఏం రాయాలో ఆసుపత్రివాళ్ళతో మాట్లాడి, దారంతా డ్రైవర్ పక్కన కూర్చుని వెనక్కి తిరిగి తిరిగి నన్ను చూస్తూ వచ్చారు. ఆ మనిషి మాట అంటే నాకు ఇంక రెండో ఆలోచన ఉండేది కాదు.

ఎన్నికలకి ఏడాదిన్నర ముందనుకుంటాను, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఆగి అడిగారు.

"అమ్మా, మన ఊళ్ళల్లో పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లల్లో సగం మందికి ఓటు లేదు. ముసలివాళ్ళలో చాలామందికి ఉందో పోయిందో తెలీదు. నీకు కంప్యూటర్ తెలుసు, ఫారాలు తెలుసు. నేను తిరుగుతాను, నువ్వు నింపు. ఏ పార్టీతోనూ సంబంధం లేకుండా చేద్దాం. ఏమంటావు?"

ఏమంటాను? నాతో ఒకరు ఒక మంచి పని చేద్దామని అడిగి ఎన్నాళ్ళయిందో. ఆ రాత్రే షాపులో ఉన్న పాత ఫ్లెక్సీ వెనక్కి తిప్పి, "పేరు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఉచితంగా రాసిపెడతాం" అని బ్రష్షుతో రాశాను. మా బృందానికి పేరంటూ పెట్టుకోలేదు. మాస్టారు, నేను, ఇంకో ఇద్దరు రిటైరైన టీచర్లు, అంతే.

మొదట డిగ్రీ కాలేజీకి వెళ్ళాం. పద్దెనిమిది నిండినవాళ్ళు చేతులెత్తండి అన్నారు మాస్టారు. క్లాసంతా ఎత్తింది. ఓటరుగా పేరు రాయించుకున్నవాళ్ళు మాత్రం దించకండి అన్నారు. వరసలు వరసలుగా చేతులు కిందకి దిగిపోయాయి. మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. "చూశావా" అన్నట్టు నా వైపు చూశారు. తర్వాత ఆదివారాలు ఊళ్ళకి తిరిగాం. కోడూరు వైపు, నాగాయలంక వైపు. ఆటోలో నేనూ నా లాప్‌టాపూ, ఒళ్ళో ఫారాల సంచీ. మాస్టారు ముందు సీట్లో మైకు పట్టుకుని. ఇంటికొచ్చేసరికి జుట్టు నిండా దుమ్ము. అయినా ఆ ఏడాది నేను ఉన్నంత సంతోషంగా, మా ఆయన పోయాక ఎప్పుడూ లేను.

ఆ రోజుల్లోనే ఎండుచేపలమ్మే అక్క మా పనిలోకి వచ్చింది. హంసలదీవికి కాస్త ఇవతల, మడ అడవుల పక్కనున్న పల్లెకారుల వాడ ఆవిడది. వారానికి రెండు రోజులు అవనిగడ్డ బజారుకి ఎండు మెత్తళ్ళూ రొయ్యపొట్టూ తెచ్చి అమ్ముకుంటుంది. రేషన్ కార్డు జిరాక్స్ కోసం వచ్చి, గోడకి కట్టిన ఫ్లెక్సీ ఏంటని అడిగింది. చెప్పాను.

"అయితే అమ్మాయ్, నాకూ లేదు ఓటు" అంది, గంప దింపకుండానే. "పెళ్ళికి ముందు మా పుట్టింట్లో, బందరు దగ్గర, ఒక్కసారి ఏశాను. ఇక్కడికొచ్చాక రాయమంటే రాశామన్నారు. ఎల్తే లేదన్నారు. మళ్ళీ ఎవురు తిరుగుతారని ఒదిలేశా."

"పుట్టిన తేదీకి ఏదన్నా ఆధారం ఉందా అక్కా?"

"ఉప్పెనొచ్చిన్నాటికి మాయమ్మ సంకలో ఉన్నానంట. అదే ఆధారం."

ఆవిడ పేరు రేషన్ కార్డులో ఒక రకంగా, ఆధార్‌లో ఒక రకంగా ఉంది. నాలుగుసార్లు తిప్పించుకున్నాను. విసుక్కోలేదు. కార్డు వచ్చిన రోజు, బస్సులో పక్క సీటువాళ్ళకి కూడా చూపించిందట. మా షాపులోకి వచ్చి, నన్ను జరగమని, స్టూలు మీద కూర్చుని, కార్డు మీద తన ఫొటోని వేలితో తుడిచింది.

"నేనూ ఉన్నానంట లిస్టులో" అంది.

ఆ తర్వాత వచ్చే ఆదివారం మమ్మల్ని తనే వాళ్ళ వాడకి పిలిచింది. స్కూలు వరండాలో బల్ల వేయించింది. ఆడవాళ్ళని ఇంటింటికీ వెళ్ళి లాక్కొచ్చింది. అందరూ ఊరికే ఇచ్చెయ్యలేదు. ఒక పెద్దాయన, ఆవిడకి వరసకి మావయ్య, వల బాగుచేసుకుంటున్నవాడు లేచి వచ్చి నిలబడ్డాడు.

"ఆధారూ ఫోను నంబరూ ఫొటోలూ అన్నీ ఎందుకియ్యాలండీ? రేపు దేనికి వాడుకుంటారో మాకేం తెలుసు?"

మాస్టారు జవాబు చెప్పబోయేలోపే అక్క అందుకుంది. "ఈ అమ్మాయి మనమ్మాయే మావయ్యా. నాలుగుసార్లు నా చేత రాయించి కార్డు తెప్పించింది. నాదీ పూచీ. ఇయ్యండి."

ఇచ్చారు. ఆ రోజు చీకటి పడేదాకా రాశాను. అక్క పేరు పైన పెట్టి, రాసినవన్నీ వరసగా జాబితా కట్టి, ఒక కాపీ మాస్టారికిచ్చాను. మధ్యాహ్నం ఆవిడ ఇంట్లోనే భోజనం. మాస్టారికి ముల్లు తీసి పెట్టింది. తిరుగు దారిలో మాస్టారు, "ఇలాంటి ఊరొకటి చాలమ్మా, మనం చేసింది వృథా పోలేదనుకోడానికి" అన్నారు. ఆ మాట నిజంగానే అన్నారనుకుంటాను ఇప్పటికీ. అప్పటికి ఆయన మనసులో వేరే ఏమీ లేదనే నమ్మకం నాది. అలా నమ్మకపోతే ఆ ఏడాది మొత్తం నాకు దక్కకుండా పోతుంది.

ఎన్నికలు దగ్గర పడుతుండగా, షాపు కట్టేసే వేళకి మాస్టారు ఒక ఫైలుతో వచ్చారు.

"చేర్చడం అయ్యిందమ్మా. ఇప్పుడు తీయించాల్సినవి ఉన్నాయి. చనిపోయినవాళ్ళ పేర్లు లిస్టులో అలాగే ఉంటున్నాయి. వాళ్ళ పేరు మీద ఎవరో వేసేసి పోతున్నారు. అది కూడా మన పనే కదా."

నిజమే. మా ఆయన పేరు తీయించడానికే నేను ఒక ఏడు నంబరు ఫారం పెట్టాను. పేరు చేర్చడానికి ఆరు, తీసెయ్యడానికి ఏడు. ఆ నియోజకవర్గంలో ఓటున్న ఎవరైనా, ఫలానా పేరు ఉండకూడదని ఆ ఫారం మీద అభ్యంతరం పెట్టవచ్చు. కింద అభ్యంతరం పెట్టినవాళ్ళ పేరు, ఓటరు కార్డు నంబరు, సంతకం ఉండాలి.

"ఊళ్ళ నుంచి చనిపోయినవాళ్ళ జాబితాలు ఇంకా రావాలి. వచ్చాక నేను నింపుకుంటాను. నీకు షాపు వదిలి రావడం కష్టం. సంతకాలు పెట్టేసి ఉంచు" అన్నారు.

నా ఓటరు కార్డు నంబరు నాకు నోటికొచ్చు. అన్నిటి మీదా నేనే వేశాను. సంతకాలు పెడుతుంటే ఆయన మనవడి చదువు గురించి చెబుతున్నారు. మధ్యలో నా పెన్ను ఆగిపోతే, జేబులోంచి తన పెన్ను తీసిచ్చారు.

నెల తిరిగిందో లేదో. ఒక పొద్దున్న అక్కవాళ్ళ వాడ అంగన్‌వాడీ టీచరు షాపుకొచ్చింది. ఆవిడే అక్కడ బూత్ అధికారి, ఓటరు జాబితా పనంతా ఆవిడదే. చేతిలో కాగితాల దొంతర. ముఖం సరిగా లేదు.

"ఇవి రెండేసి కాపీలు తియ్యండి" అంది. మామూలుగా అయితే కూర్చుని మాట్లాడుతుంది.

మొదటి కాగితం అద్దం మీద బోర్లా పెట్టి మూత వేశాను. వెలుగు జరిగింది. బయటికొచ్చిన కాపీ తీసి బల్ల మీద పెట్టబోతూ చూశాను. కింద నా సంతకం. పైన ఎండుచేపలక్క పేరు. తీసెయ్యడానికి కారణం అన్న చోట, "శాశ్వతంగా వేరే ఊరికి వెళ్ళిపోయారు" అని గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. బోర్డు మీద అయిదేళ్ళు చూసిన అక్షరాలు అవి. పోల్చుకోడానికి నాకు రెండో కాగితం అక్కర్లేదు. అయినా తిప్పాను. అక్క కొడుకు. కోడలు. వల బాగుచేసుకుంటున్న మావయ్య. అక్క తర్వాత, ఆ వరండాలో నేను నా చేత్తో రాసిన పేర్లే అన్నీ. వరసగా. నా దగ్గరున్న జాబితాలోని వరసలోనే.

"మీరేనా పెట్టింది?" అంది టీచరు.

"సంతకం నాదే."

"అదే నాకర్థం కాలేదండీ. చేర్పించిందీ మీరే, తీసెయ్యమందీ మీరే. ఒక్క మనిషి పేరు మీద ఇన్ని వస్తే ఇంటింటికీ వెళ్ళి చూడమన్నారు. వాళ్ళందరికీ మండలాఫీసులో హియరింగుకి రమ్మని నోటీసులివ్వాలి. ఎవరు పెట్టారని అడిగితే మీ పేరే చెప్పాలి నేను."

మిషను ఇంకో కాపీ అడుగుతూ కూతపెట్టింది. ఆవిడే చెయ్యి చాపి ఆపింది.

"మీరు అలాంటివారు కాదని నాకు తెలుసు" అంది. తర్వాత కాస్త ఆగి, "తెలుసనుకుంటున్నాను" అంది.

షాపు అలాగే వదిలేసి మాస్టారి ఇంటికి వెళ్ళాను. వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. నన్ను చూడగానే అర్థమైనట్టుంది. పేపరు మడిచారు.

"కూర్చో అమ్మా."

"వాళ్ళు చచ్చిపోయారా మాస్టారూ?"

ఆయన లోపలికి చూశారు, ఇంట్లోవాళ్ళు వింటున్నారేమోనని. "నిదానంగా మాట్లాడు. చట్టం ప్రకారం తప్పేమీ లేదు. ఆ వాడవాళ్ళు ఏడాదిలో సగం రోజులు నిజాంపట్నం వైపో, కాకినాడ వైపో వేటకి పోతారు. ఊళ్ళో ఉండరు. అదే రాశాను."

"అక్క పోతుందా వేటకి? అక్క వారానికి రెండుసార్లు మన బజార్లో కూర్చుంటుంది. మీరు ఆవిడ చేతి కూడు తిన్నారు."

పేపరు ఇంకో మడత మడిచారు. అప్పుడు చెప్పారు. వాళ్ళ అమ్మాయి బందరులో ఉంటుంది. ముదినేపల్లి దగ్గర ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. గుడివాడలో బస్సు మారి రోజూ పోవాలి రావాలి. చిన్నపిల్లకి మూర్ఛ వస్తుంది. బందరుకి బదిలీ చేయిస్తానని పార్టీ నాయకుడొకాయన మాటిచ్చాడు. ఆయన మనుషులకి ఆ వాడ ఓట్లు ఎటు పడతాయో తెలుసు. అవి లేకపోతే చాలన్నారు.

"మీరు మీ పేరుతో పెట్టుకోవచ్చు కదా" అన్నాను.

పెట్టుకోరు. దొరికితే సంఘ పెద్ద పేరు పోతుంది, జిరాక్స్ షాపు ఆవిడ పేరు పోయినా ఫరవాలేదు. ఆ సంగతి ఆయన నోటితో అనలేదు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టు తెలిసింది. నేను ఆయన్ని తండ్రిలా అనుకున్న రోజుల్లో ఆయన నన్ను ఎలా చూశారో. సంతకం చెయ్యగల మనిషి, ఎదురు ప్రశ్న వెయ్యని మనిషి. ఆయన కూతురి కష్టం విని నా గుండె కరగలేదని కాదు. ఆ చిన్నపిల్లని నేను ఎత్తుకున్నాను. కానీ ఆ కష్టం నాతో ముందే చెప్పుకుని ఉంటే కలిసి ఏడ్చేవాళ్ళం. చెప్పకుండా నా చెయ్యి తీసుకుని వాళ్ళ మీద పెట్టారు.

"వెనక్కి తీసుకోండి. ఆఫీసుకెళ్ళి, నేనే నింపానని మీరే చెప్పండి."

"అంత దూరం వద్దమ్మా. హియరింగుకి వచ్చినవాళ్ళవి ఎలాగూ ఉంటాయి. ఎవరికీ నష్టం ఉండదు."

నమస్కారం పెట్టకుండా లేచి వచ్చాను. అది నా జీవితంలో మొదటిసారి.

నోటీసులు ఇచ్చేలోపే నేనే వెళ్ళి చెప్పాలనుకున్నాను. మధ్యాహ్నం కోడూరు బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో వెళ్ళాను. అక్క ఇసకలో పరిచిన చేపల్ని తిరగేస్తోంది. "ఆదివారం కాదు గదా ఇయ్యాల?" అంటూ నవ్వుతూ లేచింది. నిలబడే చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. మాస్టారి పేరు చెప్పాను, ఖాళీ ఫారాల సంగతి చెప్పాను. ఆవిడ విన్నదల్లా ఒక్కటే.

"నీ సంతకమేనా?"

"నాదే అక్కా. కానీ అందులో ఏం రాస్తారో..."

"సదువుకున్నదానివి గదా" అంది. గట్టిగా అనలేదు. "మాకంటే తెలీదు. నీకు తెలుసు గదా అమ్మాయ్. నేను పూచీ ఉన్నానే."

అప్పటికే పక్క ఇళ్ళవాళ్ళు పోగయ్యారు. మావయ్య వరసాయన నన్ను ఒక్క మాటా అనలేదు. అక్క వైపు చూశాడు, అంతే. నన్ను తిట్టినా ఆ చూపంత బాధ ఉండేది కాదు. ఒకామె మాత్రం అరిచింది, మా ఫొటోలు మాకిచ్చెయ్యమని. నా దగ్గర లేవు. ఉన్నా ఇవ్వడానికి ఏం మిగిలింది. నోటీసు రాగానే అందరూ మండలాఫీసుకి రావాలనీ, ఊళ్ళో ఉన్నట్టు ఏదో ఒక ఆధారం తెచ్చుకోవాలనీ, నేను అక్కడే ఉంటాననీ చెప్పాను. ఎవరూ తలూపలేదు. ఆటోవాడు హారన్ కొడితే వచ్చేశాను.

హియరింగు రోజు వచ్చారు. ఆటోల్లో, ట్రాక్టరు మీద, వేట మానుకుని. వాళ్ళ కోసం అంగన్‌వాడీ టీచరు రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగిందని తర్వాత తెలిసింది. నేను తెల్ల కాగితం మీద మొత్తం రాసుకొచ్చాను. ఫారాలు ఖాళీగా ఉన్నప్పుడు సంతకం పెట్టాననీ, అందులో రాసింది అబద్ధమనీ, వీళ్ళందరూ ఊళ్ళోనే ఉంటున్నారనీ.

అధికారి చదివి తలెత్తారు. "తప్పుడు ప్రకటన మీద సంతకం చెయ్యడం నేరమని తెలుసామ్మా? ఇది నాకిస్తే మీ మీదే కేసవ్వచ్చు."

"తెలుసండీ."

"నింపింది ఎవరంటున్నారు?"

మాస్టారి పేరు చెప్పాను. ఆయన్ని కూడా పిలిపించారు. ఇస్త్రీ చొక్కాతో, కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చారు. గదిలో నేను, అక్క, టీచరు, ఇంకా తలుపు దగ్గర కిక్కిరిసి వాడవాళ్ళు. అధికారి ఒక ఫారం ముందుకు తోసి, ఈ చేతిరాత మీదేనా అని అడిగారు.

మాస్టారు ఫారం చేతిలోకి తీసుకుని, కంటికి దగ్గరగా పెట్టుకుని చదివారు.

"కాదండీ. ఈ అమ్మాయి మంచిదే. ఒంటరి మనిషి, పని ఒత్తిడి. ఎవరి మాటో విని పొరపాటు చేసినట్టుంది. ఈసారికి క్షమించి వదిలెయ్యండి" అన్నారు.

నాకోసం బతిమాలుతున్నారు. అది విన్నప్పుడు నాకు కోపం కూడా రాలేదు. ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్నప్పుడూ ఇదే గొంతు, ఇంతే మెత్తగా. ఆ రోజు నిజమూ ఈ రోజు అబద్ధమూ అని విడదీసుకోలేకపోయాను. రెండూ ఒకే గొంతుతో వచ్చాయి.

మా బృందంలోని ఆ ఇద్దరు రిటైరైన టీచర్లకీ ఆయన చేతిరాత తెలుసు. వాళ్ళు హియరింగుకి రాలేదు. ఒకరికి జ్వరమట. రెండో ఆయన, "మన బృందం బజారున పడకూడదని" రాలేదని తర్వాత చెప్పారు.

వచ్చినవాళ్ళ పేర్లన్నీ ఉంచేశారు. నా కాగితం ఫైల్లో పెట్టుకున్నారు. పోలీసు స్టేషనుకి రెండుసార్లు పిలిచారు, మాట్లాడి పంపేశారు. ఇంకా ఏమీ తేలలేదు. కానీ అక్క కొడుకూ కోడలూ ఆ నెల కాకినాడ వైపు వేటలో ఉన్నారు. నోటీసు తీసుకున్నదీ లేదు, హియరింగుకి వచ్చిందీ లేదు. వాళ్ళిద్దరి పేర్లూ, ఇంకో నాలుగైదు పేర్లూ పోయాయి. టీచరూ నేనూ మళ్ళీ ఆరు నంబరు ఫారాలు నింపి ఇచ్చాం కానీ, అప్పటికే చేర్పుల గడువు దాటిపోయింది.

పోలింగు రోజు నేను మా బూత్‌లో వేసి, పొద్దున్నే అక్కవాళ్ళ స్కూలు దగ్గరికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. గేటుకి దూరంగా, రోడ్డు అవతల నిలబడ్డాను. కొడుకు ముందు రోజే బస్సెక్కి వచ్చాడట, పేరు పోయిందని తల్లి చెప్పినా నమ్మక. వరసలో నిలబడ్డాడు. కాసేపటికి బయటికొచ్చాడు. చేతిలో కార్డు అలాగే ఉంది. కార్డు ఉంది, జాబితాలో పేరు లేదు. ఎవరితోనో గొడవ పెట్టుకుంటాడేమో అనుకున్నాను. చెప్పులు వేసుకుని ఇసకలోకి నడిచిపోయాడు. వెనకే అక్క వచ్చింది, వేలు మీద సిరా చుక్కతో. నన్ను చూసింది. కొడుకు వెళ్ళిన వైపు చూసింది. కొడుకు వెనకే వెళ్ళింది.

మాస్టారి అమ్మాయికి బదిలీ వచ్చింది. గెలిచిందెవరన్నది ఇక్కడ అక్కర్లేదు. ఆ వాడ ఓట్లతో తేలే ఫలితమేమీ కాదది, అంత తేడా ఉంది. ఆ కొద్ది పేర్లు ఉన్నా పోయినా ఎవరికీ ఒరిగేది లేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

ఒక ఆదివారం మా సంఘంలో ప్రభు బల్ల. మనసులో ఎవరి మీదైనా విరోధం ఉంటే ముందు సమాధానపడి రమ్మని పాస్టరుగారు చదువుతున్నారు. పెద్దలు రొట్టె పళ్ళేలు పట్టుకుని వరసల మధ్యకి వచ్చారు. మా వరసకి మాస్టారే వచ్చారు. నా ముందు ఆగారు. నేను తల ఎత్తలేదు, చెయ్యి చాపలేదు. ఆయన కొంచెం ఎక్కువసేపే నిలబడ్డారు. పక్కనున్నామె మోచేత్తో పొడిచింది. చివరికి ఆయన ముందుకు జరిగారు. బయటికొచ్చాక ఇద్దరు ముగ్గురు అడిగారు, ఒంట్లో బాగాలేదా అని. బాగానే ఉందన్నాను. అప్పటినుంచి వేరే సంఘానికి వెళ్తున్నాను, కొంచెం దూరమైనా.

ఓటరు పని మానలేదు. మానేస్తే ఆయన చేసింది పూర్తవుతుందనిపించింది. అయితే ఇప్పుడు బృందం లేదు, ఆటో లేదు. టీచరు ఫలానా ఊళ్ళో ఫలానావాళ్ళకి లేదని చెబితే బస్సెక్కి వెళ్ళి రాసి వస్తాను. జాబితా నా దగ్గర ఉంచుకోను. రాసిన ఫారం వాళ్ళ చేతే టీచరుకి ఇప్పిస్తాను. కొందరు నా ముఖం మీదే తలుపేస్తారు. కబురు అన్ని ఊళ్ళకీ చేరింది, సగమే చేరింది. అంటే నా పేరు చేరింది, మాస్టారిది చేరలేదు.

అక్క మాత్రం ఏడాది దాకా మా షాపు వైపు రాలేదు. బజారులో కూర్చునేది, జిరాక్స్ కావలసి వస్తే వెనక సందులో ఇంకో షాపుకి వెళ్ళేది. నేను ఎండుచేపలు కొనడం మానేశాను. ఎదురుగా వెళ్ళి నిలబడే ధైర్యం లేక.

మొన్న కొత్త జాబితా సవరణ మొదలైంది. సాయంత్రం, షాపులో ఎవరూ లేని వేళ చూసి, అక్క వచ్చింది. గంప బయటే దించింది. కొడుకువీ కోడలివీ ఆధార్ కార్డులు బల్ల మీద పెట్టింది.

"వాళ్ళిద్దరికీ రాయాలి" అంది. "ఆ ఎనక సందోడు తప్పులు కొడతన్నాడు."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నేను ఫారం నింపి, ఒక్కో గడిలో ఏం రాశానో పైకి చదివి వినిపించాను. మధ్యలో ఏమీ అడగకుండా అన్నీ వింది. రెండోసారి కూడా చదవమంది. చదివాను. కాగితాలు మడిచి కవరులో పెట్టుకుని, మెట్టు దిగబోతూ ఆగింది.

"అక్కా, నువ్వు వచ్చినందుకు..." అని ఏదో అనబోయాను.

"కోపం పోలేదమ్మాయ్" అంది. "పోయిన్నాడు నేనే ఒచ్చి చెప్తాలే."

గంప ఎత్తుకోడానికి సాయం పట్టాను. వద్దనలేదు. కోడూరు బస్సు కదలబోతుంటే, గబగబా సందు దాటి వెళ్ళిపోయింది.